అజూరీ జట్టులో కుర్రాళ్లు, సీనియర్లు: ఇటలీ ఫుట్‌బాల్‌కు తెగిన మెట్టు ఏది?

సంక్షిప్తంగా

అజూరీ అని పిలిచే ఇటలీ జాతీయ జట్టు ఓడిన ప్రతిసారీ సీనియర్లను పంపించేయమని కొందరు, అనుభవం ఉన్నవాళ్లను ఎందుకు పక్కన పెట్టారని ఇంకొందరు అడుగుతుంటారు. జూనియర్ స్థాయిలో ఇటలీ కుర్రాళ్లు ఈ మధ్య బాగానే గెలుస్తున్నారు. కానీ 19 నుంచి 23 ఏళ్ల మధ్య వాళ్లు ఆడాల్సిన సీరియస్ మ్యాచ్‌లు సొంత దేశపు క్లబ్బుల్లో దొరకడం లేదు. సీనియర్లు జట్టులో అతుక్కుపోయినట్టు కనిపించడానికీ, కుర్రాళ్లు ఒక్కసారిగా వచ్చి తడబడటానికీ ఈ ఖాళీయే కారణం.

ఓస్లోలో ఒక రాత్రి

2025 జూన్ 6న నార్వేతో ప్రపంచ కప్ క్వాలిఫయింగ్ మ్యాచ్‌కు ఇటలీ ఓస్లో వెళ్లింది. అంతకు కొద్ది రోజుల ముందు కోచ్ లూచానో స్పలెట్టి, ఇంటర్ మిలాన్ డిఫెండర్ ఫ్రాంచెస్కో అచెర్బీని జట్టులోకి పిలిచాడు. అచెర్బీకి అప్పటికి 37 ఏళ్లు. ఆ మే నెలలోనే చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో బార్సిలోనాపై చివరి నిమిషాల్లో గోల్ కొట్టి ఇంటర్‌ను నిలబెట్టినవాడు. అంతకుముందు చాలాకాలం అతన్ని పిలవని కోచ్, అవసరం పడేసరికి కబురు పెట్టాడు. అచెర్బీ రానన్నాడు.

మిగతా డిఫెండర్లలో కొందరు గాయాలతో దూరమయ్యారు. దాంతో వెరోనా క్లబ్‌కు ఆడుతున్న 21 ఏళ్ల డియెగో కొప్పోలా జాతీయ జట్టు తరఫున మొదటి మ్యాచ్‌ను ఎర్లింగ్ హాలాండ్, అలెగ్జాండర్ సోర్లోత్ లాంటి స్ట్రైకర్లకు ఎదురుగా మొదలుపెట్టాల్సి వచ్చింది. విరామానికే నార్వే మూడు గోల్స్ కొట్టేసింది. స్కోరు 3-0 దగ్గరే ఆట ముగిసింది. స్పలెట్టి పదవి పోయింది.

ఈ ఒక్క మ్యాచ్‌లో సమస్య రెండు కొసలూ కనిపిస్తాయి. 37 ఏళ్ల మనిషిని బతిమాలాల్సి రావడం ఒకటి. ఆయన రాకపోతే 21 ఏళ్ల కుర్రాడిని నేరుగా అగ్గిలోకి తోయాల్సి రావడం రెండోది. ఈ ఇద్దరికీ నడుమ, 25 నుంచి 29 ఏళ్ల మధ్య వయసులో, ముప్ఫై నలభై అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడి గట్టిపడిన డిఫెండర్లు మరో ఇద్దరు ముగ్గురు ఉండాలి. ఆ వరుస పలచబడిపోయింది. కొప్పోలా బాగా ఆడలేదని తిట్టినవాళ్లు ఈ సంగతి గమనించలేదు.

గెలిచిన జట్ల వయసు ఎంత?

ఇటలీ నాలుగుసార్లు ప్రపంచ కప్ గెలిచింది: 1934, 1938, 1982, 2006. యూరోపియన్ చాంపియన్‌షిప్ రెండుసార్లు: 1968లో ఒకసారి, 2021లో జరిగిన యూరో 2020లో మరోసారి. వీటిలో చివరి మూడింటినీ చూస్తే సీనియర్లా, కుర్రాళ్లా అన్న ప్రశ్నకు ఒకే జవాబు దొరకదు.

1982 జూలై 11న మాడ్రిడ్‌లో పశ్చిమ జర్మనీతో ఫైనల్. గోల్ దగ్గర కెప్టెన్ డీనో జోఫ్, 40 ఏళ్లు. అదే డిఫెన్స్‌లో జుసెప్పె బెర్గోమీ, 18 ఏళ్లు. ఒకే జట్టులో ఇద్దరి మధ్య 22 ఏళ్ల తేడా! జర్మనీ కెప్టెన్ రుమెనిగెను కాచుకునే పని ఆ 18 ఏళ్ల కుర్రాడికే అప్పగించాడు కోచ్ ఎంజో బేర్జోట్. ఇటలీ 3-1తో గెలిచింది.

2006 బెర్లిన్ ఫైనల్ కథ వేరు. ఫ్రాన్స్‌పై బరిలోకి దిగిన పదకొండు మంది వయసులు వరుసగా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది: అందరూ 27 నుంచి 32 ఏళ్ల మధ్యవాళ్లే. పిర్లోకు 27, బుఫాన్‌కు 28, టొట్టీకి 29, కన్నవారోకు 32. ముసలి జట్టూ కాదు, పసి జట్టూ కాదు. ఆటగాడు తన సత్తాకు శిఖరాన ఉండే వయసు అది. రెండో సగంలో టొట్టీ బదులు వచ్చిన డానియేలె డి రోస్సీ ఒక్కడే కుర్రాడు, 22 ఏళ్లు. గ్రూప్ దశలో అమెరికా ఆటగాడిని మోచేత్తో కొట్టి నాలుగు మ్యాచ్‌ల నిషేధం అనుభవించి తిరిగొచ్చిన వాడతను. షూటౌట్‌లో మూడో పెనాల్టీ అతనిదే, తొణక్కుండా లోపలికి కొట్టాడు. నాలుగు మ్యాచ్‌లు బయట కూర్చున్న కుర్రాడికి అలాంటి బాధ్యత ఇవ్వగలిగారంటే, చుట్టూ ఉన్నవాళ్లు అంత స్థిరంగా ఉన్నారు కాబట్టే.

2021లో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో జరిగిన యూరో ఫైనల్లో మళ్లీ 1982 తరహా కలయిక. డిఫెన్స్ మధ్యలో కియెలీనీ 36, బొనూచీ 34. వాళ్ల వెనక గోల్‌కీపర్ డొనరుమ్మా 22. ఇంగ్లండ్ రెండో నిమిషంలోనే గోల్ కొట్టింది. రెండో సగంలో స్కోరు సమం చేసింది బొనూచీ. యూరో ఫైనల్లో గోల్ కొట్టిన అతిపెద్ద వయస్కుడు అతనే. షూటౌట్‌లో రెండు పెనాల్టీలు ఆపి గెలిపించింది డొనరుమ్మా, టోర్నీ ఉత్తమ ఆటగాడు కూడా అతనే. ఆ ఇద్దరిలో ఏ ఒక్కరు లేకున్నా కప్పు వచ్చేది కాదు.

సీనియర్లు ఎందుకు ఉండిపోతారు?

అనుభవాన్ని నమ్ముకోవడం ఎప్పుడు భారమవుతుందో చెప్పడానికి 2010 చాలు. 2006లో గెలిపించిన మార్చెల్లో లిప్పీ తిరిగి కోచ్‌గా వచ్చి, పాత జట్టులోంచి తొమ్మిది మందిని దక్షిణాఫ్రికా తీసుకెళ్లాడు. కన్నవారోకు అప్పటికి 36 ఏళ్లు. పరాగ్వేతో 1-1, న్యూజిలాండ్‌తో 1-1, స్లొవేకియా చేతిలో 2-3. డిఫెండింగ్ చాంపియన్ గ్రూపులో అట్టడుగున నిలిచింది.

2017 నవంబర్ 13 ఇంకా చేదు. స్వీడన్‌తో ప్లేఆఫ్ మొదటి మ్యాచ్‌లో 0-1తో ఓడిన ఇటలీ, మిలాన్‌లోని సాన్ సీరో స్టేడియంలో 0-0 దాటలేకపోయింది. 1958 తర్వాత మొదటిసారి ప్రపంచ కప్‌కు అర్హత పోయింది. ఆ రాత్రి బెంచ్ దగ్గర జరిగిన ఒక దృశ్యం టీవీ కెమెరాలకు చిక్కింది. గోల్ కావాల్సిన సమయంలో డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ డి రోస్సీని వార్మప్ చేయమన్నారు. నన్నెందుకు, గెలవాలి కదా అంటూ అతను పక్కనే కూర్చున్న ఫార్వర్డ్ ఇన్సీన్యే వైపు చెయ్యి చూపించాడు. 34 ఏళ్ల సీనియర్‌కు తన చోటు వేరేవాళ్లకు ఇవ్వాలని తెలుసు. ఆ నిర్ణయం తీసుకోవాల్సిన కోచ్ వెంతూరాకే తోచలేదు. ఇన్సీన్యే ఆ మ్యాచ్‌లో మైదానంలోకి దిగనే లేదు. 39 ఏళ్ల బుఫాన్, 36 ఏళ్ల బర్జాలీ, డి రోస్సీ అదే రాత్రి జాతీయ జట్టుకు వీడ్కోలు చెప్పారు.

కోచ్‌లు పాతవాళ్లను వదలకపోవడాన్ని మొండితనమని కొట్టిపారేయడం తేలిక. దాని వెనక ఒక లెక్క ఉంది. జాతీయ జట్టు కోచ్‌కు ఆటగాళ్లు చేతికి దొరికేది ఒక్కో విడతలో పది రోజులు మాత్రమే, అందులో రెండు మ్యాచ్‌లు, ప్రయాణాలు పోను సరిగ్గా సాధన చేయించగలిగేది నాలుగైదు రోజులు. డిఫెన్స్ అంటే ఒకరి కదలికను ఇంకొకరు చూడకుండానే పసిగట్టడం. అది నాలుగు రోజుల్లో నేర్పేది కాదు. కాబట్టి క్లబ్బులో ఏళ్ల తరబడి కలిసి ఆడిన ముగ్గురిని తెచ్చి అలాగే నిలబెట్టడం కోచ్‌కు సురక్షితంగా కనిపిస్తుంది. బర్జాలీ, బొనూచీ, కియెలీనీ త్రయం యువెంటస్ నుంచి అలా వచ్చిందే. యూరో 2016లో ఆంటోనియో కాంటే జట్టు స్పెయిన్‌ను 2-0తో ఓడించిందంటే ఆ ముగ్గురి చలవే. ఈ పద్ధతి నడిచినంత కాలం బాగానే నడుస్తుంది. ముగ్గురికీ ఒకేసారి వయసు మీరినప్పుడు మాత్రం మూడు చోట్లు ఒకేసారి ఖాళీ అవుతాయి.

జూనియర్ కప్పులు, తర్వాతి మౌనం

ఇటలీలో కొత్త ప్రతిభ పుట్టడం ఆగిపోయిందన్న మాట తరచూ వినిపిస్తుంది. ఫలితాలు చూస్తే అది నిలవదు. 2023లో అండర్-19 యూరో ఇటలీదే. అదే ఏడాది అర్జెంటీనాలో జరిగిన అండర్-20 ప్రపంచ కప్‌లో ఫైనల్ చేరి ఉరుగ్వే చేతిలో 0-1తో ఓడింది; ఏడు గోల్స్ కొట్టిన చెజారె కసాదెయీ టోర్నీ ఉత్తమ ఆటగాడయ్యాడు. 2024లో అండర్-17 యూరో ఫైనల్లో పోర్చుగల్‌ను 3-0తో ఓడించింది. ఇంత పంట పండించే దేశాలు యూరప్‌లో ఎక్కువ లేవు.

మరి వీళ్లంతా ఏమవుతున్నారు? పాత తరంతో పోల్చితే తేడా తెలుస్తుంది. అండర్-21 యూరో టైటిల్‌ను ఇటలీ 1992, 1994, 1996, 2000, 2004లో గెలిచింది. 1996 జట్టులో బుఫాన్, కన్నవారో, నెస్టా, టొట్టీ ఉన్నారు. 2000లో పిర్లో, గట్టూసో. 2004లో డి రోస్సీ, జిలార్దీనో. 2006 కప్పు ఎత్తిన చేతుల్లో చాలావరకు ఈ చేతులే. అండర్-21 కప్పు 2004 తర్వాత ఇటలీకి మళ్లీ రాలేదు, ప్రపంచ కప్ 2006 తర్వాత రాలేదు. ఈ రెండూ ఊరికే ఒకదాని వెంట ఒకటి ఆగిపోలేదు.

ఆ పాత తరం అండర్-21లో ఆడే నాటికే ఇటలీ అగ్రశ్రేణి లీగ్ సీరీ-ఎలో రాటుదేలినవాళ్లు. పిర్లో దారి ఇందుకు మంచి ఉదాహరణ. బ్రెషా నుంచి ఇంటర్‌కు వెళ్లాడు, అక్కడ చోటు దొరకలేదు. 1999-2000 సీజన్‌కు దక్షిణాన ఉన్న చిన్న క్లబ్ రెజీనాకు లోన్ మీద, అంటే తాత్కాలికంగా ఆడి రమ్మని పంపారు. రెజీనా అప్పుడు సీరీ-ఎలోనే ఉంది. అక్కడ ఒక సీజన్ ఆడి, ఆ వేసవిలోనే అండర్-21 యూరో గెలిచాడు. 2001లో మళ్లీ బ్రెషాకు లోన్. ముందు స్టార్ ఫార్వర్డ్ రాబెర్టో బాజ్జో ఉండటంతో కోచ్ కార్లో మజోనె పిర్లోను వెనక్కి జరిపి, డిఫెన్స్ ముందు నుంచి ఆట నడిపించే చోట నిలబెట్టాడు. 2006 ప్రపంచ కప్‌లో లోకం చూసిన పిర్లో తయారైంది అక్కడే. చిన్న క్లబ్బు, ఓపిక ఉన్న కోచ్, తప్పు చేసినా వచ్చే ఆదివారం మళ్లీ ఆడించే భరోసా: ఆ మధ్య మెట్టు అంటే ఇదే. మన క్రికెట్ చూసేవాళ్లకు అండర్-19కూ టీమిండియాకూ మధ్య రంజీ ఎలాగో, ఇదీ అలాగే.

2009లో ఈ మెట్టు విలువ ఇంకో రకంగా బయటపడింది. అండర్-21 యూరో సెమీఫైనల్లో జర్మనీ 1-0తో ఇటలీని ఓడించింది. ఆట హోరాహోరీగా సాగింది. ఇటలీ వైపు బలోటెల్లి, మార్కీజియో, జొవింకో లాంటి వాళ్లున్నారు. ఆ టైటిల్ గెలిచిన జర్మనీ కుర్రాళ్లలో నోయర్, హుమెల్స్, బోటెంగ్, ఖదీరా, ఓజిల్, హోవెడెస్ ఆరుగురూ ఐదేళ్ల తర్వాత బ్రెజిల్‌లో ప్రపంచ కప్ ఎత్తారు. అదే 2014లో ఇంగ్లండ్‌పై ఇటలీ 2-1 గెలుపులో రెండు గోల్సూ మార్కీజియో, బలోటెల్లివే. ఆ తర్వాత రెండు మ్యాచ్‌లూ ఓడి ఇటలీ ఇంటిముఖం పట్టింది. 2009లో రెండు జట్ల మధ్య తేడా ఒక్క గోలే.

క్లబ్బుల భయం, క్లబ్బుల లెక్క

సీరీ-ఎలో 20 జట్లు. ఏటా మూడు కింది డివిజన్‌కు పడిపోతాయి. పడిపోతే టీవీ హక్కుల సొమ్ము పోతుంది, మంచి ఆటగాళ్లు పోతారు, క్లబ్బు కుదుటపడటానికి ఏళ్లు పడుతుంది. నాలుగు మ్యాచ్‌లు వరసగా ఓడితే కోచ్ ఉద్యోగం ఊడుతుంది. ఆ టెన్షన్‌లో ఉన్న కోచ్ 19 ఏళ్ల కుర్రాడిని ఆడించి వాడి తప్పుల ఖరీదు తన ఉద్యోగంతో కట్టడు. 33 ఏళ్లవాడిని ఆడిస్తే పెద్దగా గెలిపించకపోయినా పరువు తీయడని నమ్మకం.

దీనికి పన్నుల చట్టం ఆజ్యం పోసింది. విదేశాల నుంచి వచ్చి ఇటలీలో స్థిరపడే ఉద్యోగులకు రాయితీ ఇచ్చే చట్టాన్ని 2019లో విస్తరించారు. ఫుట్‌బాల్ ఆటగాళ్లకూ అది వర్తించింది: జీతంలో సగం మీదే ఆదాయపు పన్ను. ఇటలీలో ఆటగాళ్లు పన్ను పోను చేతికొచ్చే జీతం మీదే బేరం మాట్లాడుకుంటారు, పన్ను భారం క్లబ్బుది. అంటే ఒకే జీతం అడిగే ఇద్దరిలో బయటి నుంచి వచ్చేవాడు క్లబ్బుకు చాలా చౌక. సొంత అకాడమీ కుర్రాడికి ఈ రాయితీ ఉండదు. ఈ వెసులుబాటు 2023 చివరితో ఆగింది. విదేశీ ఆటగాళ్లు రావడం తప్పేమీ కాదు, వాళ్ల వల్ల లీగ్ స్థాయి పెరుగుతుంది కూడా. కానీ సొంత దేశపు కుర్రాడిని ఖరీదైనవాడిగా మార్చిన చట్టం దాదాపు ఐదేళ్లు నడిచింది. ఆ ఐదేళ్లలో 19 దాటిన తరం ఇప్పుడు జాతీయ జట్టుకు అందాల్సిన తరం.

దేశంలో దారి మూసుకుపోతే కుర్రాళ్లు బయట దారి వెతుక్కుంటారు. మార్కో వెరాటీ సీరీ-ఎలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే 2012లో రెండో డివిజన్ అయిన సీరీ-బి జట్టు పెస్కారా నుంచి పారిస్ సెయింట్ జర్మేన్‌కు వెళ్లాడు. కసాదెయీ ఇంటర్ సీనియర్ జట్టుకు ఆడకుండానే చెల్సీకి వెళ్లాడు. విల్‌ఫ్రీడ్ ఞొంటో ఇంటర్ అకాడమీ వదిలి స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో సీనియర్ ఫుట్‌బాల్ మొదలుపెట్టాడు. యూరో 2024లో ఇటలీకి ఊరట ఇచ్చిన కొద్దిమందిలో ఒకడైన రికార్డో కలాఫియోరీ కూడా రోమాలో నిలదొక్కుకోలేక స్విస్ క్లబ్ బాజెల్‌కు వెళ్లి, అక్కడ కుదురుకుని బొలొన్యాకు తిరిగొచ్చినవాడే. క్రొయేషియాతో చివరి క్షణాల్లో జకాన్యీ కొట్టిన గోల్‌కు బంతిని మైదానం సగం మోసుకెళ్లి అందించింది ఈ 22 ఏళ్ల డిఫెండరే. తర్వాతి మ్యాచ్‌కు అతనికి సస్పెన్షన్. స్విట్జర్లాండ్ చేతిలో 0-2తో ఇటలీ ఇంటికి వచ్చేసింది.

ఇదంతా ఎవరికీ తెలియక జరిగిందీ కాదు. 2010 ఓటమి తర్వాత ఫెడరేషన్ సాంకేతిక విభాగం పగ్గాలు రాబెర్టో బాజ్జోకు ఇచ్చారు. శిక్షణ, కోచ్‌ల తయారీ, ప్రతిభ వెతకడం మీద ఆయన బృందం 900 పేజీల ప్రణాళిక సమర్పించింది. అమలు కాలేదు. 2013లో బాజ్జో రాజీనామా చేశాడు. అప్పుడు పదేళ్ల వయసున్న పిల్లలకు ఇప్పుడు 22, 23 ఏళ్లు.

బి జట్లు ఏం చేస్తాయి?

యూరో 2000లో గ్రూప్ దశలోనే ఓడిన జర్మనీ, అగ్రశ్రేణి క్లబ్బులన్నీ అకాడమీలు నడపాలని లైసెన్స్ నిబంధన పెట్టింది. ప్రాంతాల వారీగా శిక్షణ కేంద్రాలు తెరిచింది. స్పెయిన్‌లో పెద్ద క్లబ్బుల బి జట్లు, అంటే వాటి రెండో జట్లు, దశాబ్దాలుగా కింది డివిజన్లలో పెద్దవాళ్లతో తలపడుతున్నాయి. 2024 జూన్ 20న గెల్సెన్‌కిర్షెన్‌లో స్పెయిన్ 1-0తో ఇటలీని ఓడించినప్పుడు స్కోరు కంటే ఆటలో తేడా ఎక్కువ. ఒక వింగులో 16 ఏళ్ల లమీన్ యమాల్, ఇంకో వింగులో 21 ఏళ్ల నీకో విలియమ్స్. ఇటలీ రైట్ బ్యాక్, 30 ఏళ్ల జొవాన్ని డి లొరెంజోకు విలియమ్స్ ఆ రాత్రంతా అందలేదు. యమాల్‌కు అంత తొందరగా తలుపు తెరుచుకోవడంలో బార్సిలోనా డబ్బు ఇబ్బందుల పాత్ర కూడా ఉందన్నది నిజమే. కానీ తలుపు తెరిచినప్పుడు లోపలికి రావడానికి సిద్ధంగా కుర్రాడున్నాడు.

ఇటలీలో ప్రిమవేరా అనే యువ లీగ్ ఉంది. అందులో ఈడువాళ్లు ఈడువాళ్లతోనే ఆడతారు. మూడో డివిజన్‌లో బి జట్లకు అనుమతి 2018లో గానీ రాలేదు. వెంటనే ముందుకొచ్చింది యువెంటస్ ఒక్కటే. 2023లో అటలాంటా, 2024లో మిలాన్, 2025లో ఇంటర్ కలిశాయి. మిలాన్ బి జట్టు మొదటి సీజన్‌లోనే నాలుగో డివిజన్‌కు పడిపోయింది. యువెంటస్ బి జట్టు ఫజోలీ, మిరెట్టీ లాంటి ఇటలీ కుర్రాళ్లను తయారు చేసింది. తుర్కియేకు చెందిన యిల్దిజ్, అర్జెంటీనాకు చెందిన సూలే, స్పెయిన్‌కు ఆడుతున్న హైసెన్ కూడా అక్కడి నుంచి వచ్చినవాళ్లే. బి జట్టు పెడితే జాతీయ జట్టు బాగుపడుతుందని గ్యారంటీ లేదు. అది క్లబ్బు ఆస్తి, దేశానిది కాదు. అయినా ఆ మెట్టు అసలు లేకపోవడం కంటే మేలు.

ముందే జాతీయ జెర్సీ ఇస్తే సరిపోతుందా?

ఇటలీ కోచ్‌గా ఉన్నప్పుడు రొబెర్టో మంచీని వేరే దారి పట్టాడు. క్లబ్బులు ఆడించకపోతే జాతీయ జట్టే ముందు పిలుస్తుందన్నాడు. 2018లో నికోలో జనియోలో సీరీ-ఎలో అడుగుపెట్టకముందే జాతీయ శిబిరానికి పిలుపు అందుకున్నాడు. 2022 జూన్‌లో జర్మనీపై గోల్ కొట్టిన 18 ఏళ్ల ఞొంటో, ఇటలీ తరఫున గోల్ చేసిన అతి పిన్న వయస్కుడయ్యాడు. ఆ మ్యాచ్ మాత్రం 5-2తో ఓడిపోయారు. అదే నవంబర్‌లో ఉదినేసె కుర్రాడు సిమోనె పఫుందీ 16 ఏళ్లకే అల్బేనియాపై ఆడాడు. పఫుందీ ప్రతిభలో అనుమానం లేదు: 2023 అండర్-20 ప్రపంచ కప్ సెమీఫైనల్లో దక్షిణ కొరియాపై ఫ్రీ కిక్ గోల్‌తో గెలిపించింది అతనే. కానీ జాతీయ జెర్సీ ఇచ్చిన ధైర్యం క్లబ్బులో చోటు ఇప్పించలేకపోయింది. చివరకు స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌కు లోన్ మీద వెళ్లాడు.

మంచీని ఉద్దేశం మంచిదే, క్లబ్బులకు అది గట్టి హెచ్చరిక కూడా. అయితే ఏడాదికి పదో పన్నెండో మ్యాచ్‌లు ఆడే జాతీయ జట్టు, నలభై మ్యాచ్‌లు ఆడే క్లబ్బు పని చేయలేదు. 2021 కప్పు గెలిచిన కోచ్ హయాంలోనే 2022 మార్చి 24న పలెర్మోలో ఉత్తర మాసిడోనియా 92వ నిమిషంలో గోల్ కొట్టి వరుసగా రెండో ప్రపంచ కప్‌కు ఇటలీని దూరం చేసింది.

ఇక ముందు

2006 తరం ఇప్పుడు మైదానం బయట ఉంది. గట్టూసో 2025 జూన్‌లో కోచ్ అయ్యాడు, బుఫాన్ 2023లో జట్టు ప్రతినిధి బృందానికి అధిపతి అయ్యాడు. గట్టూసో తొలి విడతలోనే పియో ఎస్పొజీతోను తెచ్చాడు. ఈ ఇంటర్ స్ట్రైకర్ 2024-25 సీజన్‌ను సీరీ-బిలో స్పెజియాకు ఆడుతూ గడిపాడు, దెబ్బలు తిన్నాడు, గోల్స్ కొట్టాడు. 2025 నవంబర్‌లో సాన్ సీరోలో నార్వేపై మొదటి గోల్ ఈ 20 ఏళ్ల కుర్రాడిదే. రెండో సగంలో జట్టు కుప్పకూలి 1-4తో ఓడింది. 2018, 2022 తర్వాత మూడోసారీ ఇటలీ ప్లేఆఫ్ మెట్టు మీద నిలబడాల్సి వచ్చింది. ఈ కుర్రాడు సీనియర్ల మధ్య తడబడకుండా ఆడటానికీ, స్పెజియాలో ఆడిన ఆ సీజన్‌కూ సంబంధం ఉంది.

2024 అండర్-17 యూరో ఫైనల్లో రెండు గోల్స్ కొట్టిన ఫ్రాంచెస్కో కమార్దాను మిలాన్ 2025-26 సీజన్‌కు లెచ్చె క్లబ్‌కు లోన్ ఇచ్చింది. 15 ఏళ్లకే సీరీ-ఎలో ఆడి రికార్డు సృష్టించిన కుర్రాడికి అప్పుడు కావాల్సింది రికార్డులు కావు, డివిజన్ నుంచి పడిపోకుండా పోరాడే జట్టులో వారం వారం ఆడే నిమిషాలు. 2032 యూరోకు తుర్కియేతో కలిసి ఇటలీ ఆతిథ్యం ఇస్తుంది. అప్పటికి కమార్దాకు 24 ఏళ్లు, ఎస్పొజీతోకు 27, 2023 అండర్-19 విజేతలకు దాదాపు 28. 2006లో బెర్లిన్‌లో ఆడినవాళ్ల వయసుకు ఆ తరం అప్పటికి చేరుకుంటుంది. అంతవరకు వీళ్లలో ఎంతమంది సొంత దేశంలో ఆదివారం ఆదివారం మైదానంలో కనిపిస్తారన్నది సీరీ-ఎ క్లబ్బుల చేతిలో ఉంది.